పద్దెనిమిది మిల్లీమీటర్లు

మార్చి 2

అత్తా,

ముందు నువ్వు కూర్చో. మామయ్యా, నువ్వు గొంతు సవరించుకో. అత్త కళ్ల ఆపరేషన్ కట్టు విప్పేదాకా నా ఉత్తరాలు చదివే భారం నీదేగా. ఇక వినండి. దొరసానికి ఇంజన్ దొరికింది!

తుక్కు కొట్టు వెనకాల, రేకుల కింద, ఒక డొక్కు వ్యానులో ఉంది. ఆరు సిలిండర్లు! వ్యానంతా తుప్పు పట్టి చెయ్యి వేస్తే రాలిపోతోంది, ఇంజన్ మాత్రం నిక్షేపంలా ఉంది. బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే రెండోసారికే అందుకుంది. ఆ చప్పుడు విని నేను వేసిన గంతుకి కొట్టాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

దొరసాని సంగతి నీకు తెలిసిందే. నాన్న ఆ కారుని కొన్నప్పటికే అది పదేళ్ల పాతది. ఆ తర్వాత ముప్ఫై ఒక్కేళ్లు టాక్సీగా తిప్పి మమ్మల్నందర్నీ పోషించాడు. ఎనిమిది నెలల కిందట ఇంజన్ పట్టేసింది. ఇప్పుడు కొత్త రూలొకటి వచ్చింది. ఏప్రిల్ 30 లోపల తనిఖీలో పాసవకపోతే పాత బళ్లకి నంబరు రద్దు చేస్తారు. అంటే తుక్కే.

వచ్చిన చిక్కల్లా ఒకటే. పాత ఇంజన్ కంటే ఇది డెబ్బై కిలోల బరువు ఎక్కువ, బలం రెట్టింపు. ఉన్న చట్రం దీన్ని మొయ్యలేదు. చట్రాన్ని గట్టి చేసి, లైసెన్సున్న చట్రాల వెల్డరు చేత "దీనికి నేను పూచీ" అని సంతకం పెట్టించి తెమ్మన్నారు. మన వంశంలో ఆ లైసెన్సున్న మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ ఇప్పుడు కళ్లకి కట్టు కట్టుకుని మామయ్య మీద చిరాకు పడుతూ ఉంటుంది.

బస్సుల బాడీలు కట్టే మా షెడ్డులో వెనక మూల నాకు వదిలేశారు. ఆదివారాలూ, పని అయ్యాక సాయంత్రాలూ నావే. నాన్నకి చెబితే "చూద్దాం" అన్నాడు. పొద్దున లేచి చూస్తే దొరసాని బానెట్ తళతళలాడుతోంది. ఎవరు తుడిచారో ఎవరికీ తెలియదట!

ఎలా చెయ్యాలో వెంటనే రాయి. కాలు నిలవడం లేదు.

నీ పిడుగు


మార్చి 8

చిరంజీవి పిడుగుకు,

అత్త చెబుతుంటే మామయ్య రాస్తున్నది. "చిరంజీవి తీసెయ్, నెత్తికెక్కుతుంది" అంది. నేను తియ్యలేదు.

ఇక ఆవిడ మాటలు. ఫోను చెయ్యకు. ఫోనులో చెప్పిన కొలత గాలికి పోతుంది. కాగితం మీద ఉన్నదాన్ని రేపు నిలదీసి అడగొచ్చు. ముప్ఫై ఏళ్లు నేను ఇలాగే పని చేశాను.

దొరసాని చట్రం అంటే నిచ్చెన. రెండు పొడుగాటి దూలాలు, మధ్యలో అడ్డకమ్ములు. ఆ దూలాలకి మూడు వైపులే ఇనుముంది, నాలుగో వైపు ఖాళీ. ఆ నాలుగో వైపు ప్లేటు వేసి పెట్టెలా మూసెయ్యాలి. ప్లేటు చివర నిలువుగా కొయ్యకు, ఏటవాలుగా కొయ్యి. నిలువుగా కోసిన చోటే రేపు బీట పడుతుంది. ఏకధాటిగా వెల్డింగ్ లాగకు. బొటనవేలంత కుట్టు ఎడమ దూలానికి వేశాక, అంతే కుట్టు కుడిదానికి వెయ్యి. చల్లారనివ్వు. ఇనుము వేడెక్కి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, పక్కదాన్ని కూడా తనతో లాక్కుపోతుంది.

అన్నిటికంటే ముందు, మిషన్ ప్లగ్గు కూడా పెట్టకముందే, చట్రాన్ని మూల నుంచి మూలకి కొలువు. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి ఒకటి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి ఒకటి. రెండూ సమానంగా ఉంటే చట్రం తిన్నగా ఉన్నట్టు. ఆరు మిల్లీమీటర్లు దాటి తేడా ఉంటే తనిఖీలో పోతుంది. ఆ రెండు అంకెలూ నాకు పంపు. అవి చూశాకే తర్వాతి మాట, తర్వాతే సంతకం. ఆ సంతకాన్ని నమ్ముకుని మీ నాన్న ఆ బండిలో కూర్చుంటాడు, నువ్వు కూర్చుంటావు. తేలిగ్గా తీసుకోకు.

మీ నాన్న బండి దగ్గరికి వస్తున్నాడా? దాని గురించి ఏమైనా అన్నాడా?

అత్త ఆశీస్సులు, మామయ్య చేతిరాత


మార్చి 9

అత్తా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేదాకా నా చేతులు ఊరుకోలేదు!

బాడీ మొత్తం ఎత్తి పక్కన పెట్టాం. గొలుసులు కట్టి పైకి లాగుతుంటే సీట్ల కింద నుంచి నాలుగు దువ్వెనలూ, ఒక చెవి రింగూ, పిల్లల బూటొకటీ రాలాయి. ముప్ఫై ఒక్కేళ్ల ప్రయాణికులు! నాన్న వాటినన్నిటినీ ఏరి డబ్బాలో పెట్టుకున్నాడు. "ఎవరైనా వచ్చి అడుగుతారేమో" అంటాడు.

నిన్న పొద్దున ఎడమ దూలానికి ప్లేటు వేసేశాను. మూరెడు వెల్డింగ్ ఒకే ఊపులో లాగానంటే చూసుకో! నీటుగా, అల మీద అల వేసినట్టు వచ్చింది. షెడ్డులో వాళ్లు చుట్టూ చేరి చూశారు. మా మేస్త్రి ఎవర్నీ మెచ్చుకోడు. ఆయన కూడా "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" రావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నీ మాట కోసం కుడివైపు ఆపాను. చూశావా ఎంత బుద్ధిమంతురాలినో!

పిడుగు


మార్చి 14

పిడుగూ,

ఈసారి అత్త మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయలేను, కాగితం తగలబడుతుంది. వడబోసి రాస్తున్నాను.

ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు. మూరెడు ఒకే ఊపులో లాగుతావా? ఒక్క దూలానికే? కొలవకుండా? అది వెల్డింగ్ కాదు, బట్ట మీద ఇస్త్రీ పెట్టె వదిలేసి వెళ్లినట్టు. నీ మేస్త్రి "ఊఁ" అన్నది మెచ్చుకుని కాదు, "అయ్యింది దీని పని" అని.

ఇంకేమీ ముట్టుకోకు. మూలమూలలా కొలిచి పంపు. రెండు అంకెలూ. వెంటనే.

మీ నాన్న ఏమన్నాడని అడిగాను, ఈసారి దానికీ జవాబు రాయి.

(ఇది నా సొంత మాట: ఆవిడ తిట్టేటప్పుడు కూడా "మూరెడు ఎలా లాగిందో" అని నవ్వుకుంది. నేను చెప్పినట్టు చెప్పకు.)

అత్త, మామయ్య


మార్చి 19

అత్తా,

కొలిచాను. ముందు ఎడమ నుంచి వెనక కుడికి 3121 మిల్లీమీటర్లు. ముందు కుడి నుంచి వెనక ఎడమకి 3121. అచ్చం ఒకటే! తిట్టావు గానీ, నీ మేనకోడలి చెయ్యి ఏమీ తక్కువ తినలేదు.

అయినా బుద్ధి తెచ్చుకున్నాను. కుడివైపంతా నువ్వు చెప్పినట్టే బొటనవేలంత కుట్లే వేస్తాను. ఇంజన్ కూర్చునే దిమ్మెలు అట్టముక్కతో చేసి చూసుకున్నాను. గేర్‌బాక్స్ వెనక అడ్డకమ్మి ఒకటి కోసి నాలుగు అంగుళాలు వెనక్కి జరపాలి. ఆ బొమ్మ వెనక పేజీలో వేశాను. బొమ్మ బాగుందా? మామయ్యా, బొమ్మ ఎలా ఉందో అత్తకి చెప్పు.

నాన్న గురించి అడిగావు. రోజూ వస్తాడు. స్టూలు మీద కూర్చుని చూస్తాడు. నువ్వు రాసిన ఉత్తరాలు మాత్రం చదవనంటాడు. నాకెందుకో మీ ఇద్దరి మధ్యా ఏదో ఉందనిపిస్తోంది.

సంతకం పెట్టాల్సిన ఫారం దీంతో పాటే పంపుతున్నాను.

పిడుగు


మార్చి 24

పిడుగూ,

బొమ్మ బాగుంది. ఫారం అందింది.

మళ్లీ కొలువు. సంతకం ఇప్పుడు పెట్టను.

అత్త

(ఎందుకని నేనూ అడిగాను. "రాయమన్నది రాయి" అంది. మామయ్య)


మార్చి 29

అత్తకు,

మళ్లీ కొలిచాను. అవే వచ్చాయి.

నువ్వు ఎందుకు నమ్మడం లేదో నాకు అర్థం కావడం లేదు. ఆరేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాను. నీ దగ్గరే నేర్చుకుందామని పదో తరగతి సెలవుల్లో మీ షెడ్డు ఊడ్చాను. ఇంత పని చేసి ఏప్రిల్ 30న దొరసానిని క్రేనుకి కట్టి లాక్కుపోతుంటే నాన్న ఆ స్టూలు మీద కూర్చుని చూడాలా?

నిన్న ఉండబట్టలేక నాన్నని అడిగేశాను. "మీ అత్తకి ఈ బండంటే మొదటి నుంచీ చిన్నచూపేనమ్మా" అన్నాడు. "అన్న టాక్సీ తోలుకుంటున్నాడని నామోషీ. ఎన్నిసార్లు తాళాలిచ్చినా ముట్టుకోలేదు. పెద్ద పెద్ద లారీలు తోలింది, దీని స్టీరింగ్ మాత్రం పట్టుకోలేదు."

అది నిజమైతే చెప్పెయ్. మా వీధి చివర లైసెన్సున్న ఆయన ఒకడు చట్రం మొహం చూడకుండానే సంతకం పెడతాడట. ఆయన దగ్గరికే వెళ్తాను.

పిడుగు అని రాయబుద్ధి కావడం లేదు.


ఏప్రిల్ 3

అమ్మడూ,

ఇది మామయ్య చేత రాయించడం లేదు. కట్టు పక్కకి జరిపి ఒంటికన్నుతో రాస్తున్నాను. ఆయన బజారుకెళ్లాడు. అక్షరాలు కొండల్లా ఉంటే సర్దుకో.

నీ అంకెలు అబద్ధం. ఆ చట్రం రెండు వైపులా సమానంగా ఉండడం అసాధ్యం. ఎందుకంటే దాన్ని వంకర చేసింది నేనే.

మీ నాన్న బండి కొన్న మూడోవారం. నాకు ఇరవై రెండేళ్లు. ఆయన నిద్రపోతుంటే తాళాలు తీసుకుని తోలాను. మలుపులో కల్వర్టు గోడకి ముందు ఎడమ మూల కొట్టేశాను. బంపరు ఊడొచ్చింది. నాకు తెలిసిన కుర్రాడి షెడ్డులో బంపరు బిగించి, రంగు పూసి, తెల్లారేలోపల బండి దాని చోట్లో పెట్టేశాను. అప్పుడే ఆ కుర్రాడు మూలమూలలా కొలిచి చూపించాడు. పదిహేను మిల్లీమీటర్ల తేడా. చట్రం అంటే ఏమిటో, వంకర అంటే ఏమిటో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. నా లైసెన్సుకి మూలం మీ నాన్న బండి.

ఆయనకి చెప్పలేదు. అప్పుచేసి కొన్న బండి, దాని మీదే ఇల్లు గడవాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ముప్ఫై ఒక్కేళ్లు అయిపోయాయి. ఆయన తాళాలు చాపిన ప్రతిసారీ నాకు చెయ్యి చాపడానికి సిగ్గేసింది. చిన్నచూపా? ఆ బండిని తలుచుకుంటే తల ఎత్తలేకపోయాను.

ముందు కొలవమని నీ వెంట పడింది కూడా అందుకే. నీ టేపు చెబితే నేను చెప్పక్కర్లేదని ఆశపడ్డాను. నువ్వేమో 3121, 3121 అని పంపావు. మామయ్య పక్కన కూర్చుని రాస్తుంటే ఏమని చెప్పను?

ఇప్పుడు నీ వంతు. నిజం కొలత ఎంత? నువ్వు ఆ వీధి చివరాయన దగ్గరికి వెళ్తే సంతకం దొరుకుతుంది. ఆ బండి గంటకి ఎనభైలో పోతుంటే ఆయన దాంట్లో కూర్చోడు, మీరు కూర్చుంటారు.

మీ నాన్నకి చెబుతావో లేదో నీ ఇష్టం. చెబితే కాస్త మెల్లగా చెప్పు.

అత్త


ఏప్రిల్ 8

అత్తా అత్తా అత్తా!

3112, 3130. పద్దెనిమిది తేడా. రెండూ కలిపి సగం చేసి 3121 అని రాశాను. నేనే నా మూరెడు వెల్డింగ్‌తో చట్రాన్ని వంచేశాననుకున్నాను. నువ్వు "ఇస్త్రీ పెట్టె" అన్నాక ఆ అంకె రాయడానికి చెయ్యి రాలేదు. మూడు వారాలు తిండి సయించలేదు. నువ్వు సంతకం పెట్టేస్తే బాగుండుననీ, పెట్టకపోతే బాగుండుననీ రెండూ అనుకున్నాను. క్షమించు అత్తా. అబద్ధం ఆడింది నీతో, అదీ చట్రం విషయంలో. అది తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చదివి షెడ్డులో గట్టిగా నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత పరుగెత్తుకుంటూ ఇంటికెళ్లి నాన్నకి మొత్తం చదివి వినిపించాను. మెల్లగా చెప్పమన్నావు గానీ కుదరలేదు.

ఆయన లేచి చెప్పులేసుకుని నాతో షెడ్డుకి వచ్చాడు. పక్కన పెట్టిన బాడీ కింద ముందు ఎడమ మూల చూపించి "ఆ బోల్టు రంధ్రం దగ్గర మడ్డి గోకు" అన్నాడు. గోకాను. ఐదు వాషర్లు ఒకదాని మీద ఒకటి, తుప్పుకి ఒకే ముద్ద అయిపోయి ఉన్నాయి. బోల్టు రంధ్రం కూడా ఆకురాయితో రాసి కోలగా సాగదీసి ఉంది. వంగిన చట్రం మీద బాడీ తిన్నగా కూర్చోవాలని!

"ఎవరు పెట్టారు నాన్నా?"

"నేనే. కల్వర్టుకి కొట్టిన వారం. రంగు వాసనే పట్టించేసింది. దాన్ని నేనేం అడగను? బిక్కమొహం వేసుకుని తిరుగుతోంది. అదే చెబుతుందిలే అనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

అత్తా, ఆయన నీ తప్పుని వాషర్ల కింద దాచాడు. నువ్వు చెబుతావని చూసి చూసి, తాళాలిస్తే తీసుకోకపోయేసరికి టాక్సీ అంటే నామోషీ అనుకున్నాడు. మీ అన్నాచెల్లెళ్లకి ఇద్దరికీ నోళ్లుండి ఏం లాభం?

ఇంక ఇరవై రెండు రోజులే ఉన్నాయి. నా ప్లేటు కోసేస్తున్నాను. చట్రాన్ని లాగి తిన్నగా చేస్తాను. ఎలాగో చెప్పు, పరుగున చెప్పు!

నీ పిడుగు (మళ్లీ)


ఏప్రిల్ 11

పిడుగూ,

మామయ్యనే మళ్లీ రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈ కల్వర్టు కథ నాకు మొన్ననే తెలిసింది. "నన్ను కూడా ఏదో ఒక గోడకి కొట్టి రంగు పూశావా" అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. వాషర్ల సంగతి చదివినప్పుడు మాత్రం కట్టు తడవకూడదని డాక్టరు చెప్పిన మాట ఆవిడ వినలేదు.

ఇక పని, అత్త మాటల్లోనే. పద్దెనిమిదిలో పదిహేను నావి, మూడు నీవి. నీవి నీ ప్లేటు కోసేస్తే చాలావరకు పోతాయి. నావి లాగాలి. వెనక రెండు మూలలూ నేలకి గొలుసులతో కట్టెయ్. పొట్టిగా ఉన్న కొలత ముందు ఎడమ మూలది. అక్కడ గొలుసు వేసి జాకీతో ముందుకి లాగు. మంట పెట్టకు. ఇనుముకి గుర్తుంటుంది, వదలగానే కొంత వెనక్కి పోతుంది. అందుకని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ లాగి వదులు, కొలువు, మళ్లీ లాగు. ఓపిక పట్టు. గొలుసుకి ఎదురుగా మాత్రం నిలబడకు, తెగితే నిన్నూ మిగల్చదు.

తిన్నగా వచ్చాక రెండు దూలాలకీ ప్లేట్లు. కుట్టు ఇటు, కుట్టు అటు. ప్రతి పది కుట్లకీ ఒకసారి కొలిచి రాయి. మొత్తం పంపు. బాగున్నవి, బాగాలేనివి అన్నీ.

అత్త


ఏప్రిల్ 19

అత్తా,

వచ్చేసింది!

లాగడానికి రెండు రోజులు పట్టింది. జాకీ నేను తొక్కుతుంటే నాన్న టేపు పట్టుకున్నాడు. ఒక్కో మిల్లీమీటరూ గట్టిగా చదివేవాడు, షెడ్డులో ఉన్నవాళ్లంతా పని మానేసి లెక్కపెట్టేవాళ్లు. వదలగానే మూడు వెనక్కి పోతే అందరూ "అయ్యో" అన్నారు. ఆఖరున తేడా రెండుకి వచ్చి నిలబడింది. మా మేస్త్రి ఆ స్టూలు మీంచి లేచి "బాగుంది" అన్నాడు. ఈసారి "ఊఁ" కాదు, మాట!

తర్వాత ప్లేట్లు. కుట్టు ఇటు, కుట్టు అటు. రెండు వందల ఇరవై కుట్లు. దీంతో కాగితం పంపుతున్నాను, ఇరవై రెండు వరసలున్నాయి. ఏడో వరస చూడు, అక్కడ నా చెయ్యి జారింది, కుట్టు పొడుగైపోయింది. కోసి మళ్లీ వేశాను. పదమూడో వరస దగ్గర తేడా ఆరుకి వెళ్లింది. పని ఆపి, చల్లారనిచ్చి, తెల్లారాక అవతలి వైపు నుంచి మొదలుపెట్టాను. ఆఖరి తేడా నాలుగు. సున్నా చేద్దామని చాలా చూశాను గానీ రాలేదు. నాలుగే.

ఇంజన్ దించాం. దిమ్మెల మీద కొలిచినట్టు కూర్చుంది. బాడీ మళ్లీ ఎక్కించాం, నాన్న వాషర్లు ఈసారి వెయ్యలేదు. ఇక నువ్వు చూసి చెప్పు. సంతకం పెట్టనంటే కారణం రాయి, సరిచేసి మళ్లీ పంపుతాను. వీధి చివరాయన దగ్గరికి వెళ్లను.

పిడుగు


ఏప్రిల్ 23

పిడుగూ,

కట్టు విప్పేశారు. రెండు కళ్లతోనూ నేనే చదివాను, నేనే రాస్తున్నాను. మామయ్యకి ఉద్యోగం పోయింది.

ఇరవై రెండు వరసలూ రెండుసార్లు చదివాను. నా జన్మలో నాకు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. ఏడో వరస నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. పదమూడో వరస దగ్గర నువ్వు ఆగినట్టు ఆ వయసులో నేనైతే ఆగను.

ఫారం దీంతో పాటు పంపుతున్నాను. చూసుకో, సంతకం పెట్టాను. నీ వయసులో నేను చెప్పలేని మాట నువ్వు మూడు వారాల్లో చెప్పావు. నాకు ముప్ఫై ఒక్కేళ్లు పట్టింది. నిన్ను చూస్తే గర్వంగా ఉంది. ఈ మాట మామయ్య చేత రాయిస్తే అరిగిపోతుందని దాచాను.

మీ నాన్నకి నేను చెప్పాల్సిన మాటలు ఉత్తరంలో పట్టవు.

అత్త


ఏప్రిల్ 29

అత్తా!

పాస్! పాస్! పాస్!

తనిఖీ ఆయన నీ సంతకం చూశాడు, కాగితం చూశాడు, అప్పటికీ నమ్మకుండా బండి కింద దూరి సొంత టేపుతో కొలిచాడు. నాన్న గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తనిఖీ ఆయన బయటికి వచ్చి బట్టలు దులుపుకుని "నాలుగు. రాసిందే ఉంది" అని ముద్ర వేశాడు. ఆ ముద్ర చప్పుడు నాకు ఇంజన్ చప్పుడుకంటే బాగుంది. నిజంగా!

తిరిగొచ్చేటప్పుడు ఎత్తు ఎక్కే చోట, పాత దొరసాని రెండో గేరులో ఆయాసపడే చోట, నాన్న మూడో గేరులో నొక్కాడు. అత్తా, అది ఎగిరింది! స్టీరింగ్ ఎటూ లాగలేదు. చేతులు కాస్త వదిలి చూశాడు. తిన్నగా పోతోంది. "ముప్ఫై ఒక్కేళ్లు దీన్ని కుడికి పట్టుకుని తోలాను పిడుగూ. భుజం ఇప్పుడు ఖాళీగా ఉంది" అన్నాడు.

మిగతాది ఆయనే రాస్తానంటున్నాడు. కలం లాక్కుంటున్నాడు.

చెల్లీ,

ఆదివారం పొద్దున వస్తున్నాం. బండి మీ గుమ్మం ముందు ఆపి నేను వెనక సీట్లోకి మారి కూర్చుంటాను. మీ ఆయన్ని నా పక్కన కూర్చోమను. తాళాలు బండికే ఉంచుతాను. ఈసారి నిన్ను అడగను.

అన్నయ్య